చిరునామా మనిషి కాదు

రామగిరి వైపు కొత్త మనిషి కనబడితే మొదట వచ్చే ప్రశ్న 'మీదేవూరు?' అనే. అది ఒట్టి పలకరింపు కాదు. 1980, 90 దశకాల్లో ఫ్యాక్షన్ కక్షలు ఆ చుట్టుపక్కల ఊళ్లను రెండుగా చీల్చినప్పుడు, ఊరి పేరు చెబితే చాలు, ఆ మనిషి ఏ వర్గమో అవతలివాడు తేల్చేసుకునేవాడు. ఏ ఊరి నుంచి వచ్చావు, ఏ ఊరి మీదుగా వచ్చావు అన్న ప్రశ్నలు ప్రాణం మీదికి తెచ్చే ప్రశ్నలు.

మా విషయంలో ఆ ప్రశ్న ఊరి దగ్గర ఆగదు. ఊరయ్యాక పేరు అడుగుతారు. పేరు విన్నాక దేశం అడుగుతారు. నోటితో అడగకపోయినా చూపుతో అడుగుతారు. తాత ముత్తాతలు పెనుకొండ మట్టిలో కలిసిపోయిన వాళ్లను కూడా 'మీ దేశం పొండి' అనే మాట వదిలిపెట్టలేదు. అందరికీ పుట్టుకతో వచ్చే దేశాన్ని మేము ప్రతి క్రికెట్ మ్యాచ్‌కూ, ప్రతి బాంబు పేలుడుకూ మళ్లీ రుజువు చేసి తెచ్చుకోవాలి.

ఇప్పుడొక విచిత్రం ఉంది. అదే రామగిరిలో, గాలిమరలు తిరిగే కొండల కింద, మూతపడిన బంగారు గని పక్కన ఉండే కుర్రవాడు తన కంప్యూటర్‌లో ఒక లైను రాసుకుంటే చాలు, ప్రపంచానికి జర్మనీ నుంచి మాట్లాడుతున్నట్టు కనబడతాడు. ఇంకో రెండక్షరాలు మారిస్తే నెదర్లాండ్స్ నుంచి. ఎవరూ మమ్మల్ని ఎంచుకోనివ్వని దేశం అక్కడ ఎంచుకోవడానికి దొరుకుతోంది. ఇది స్వేచ్ఛా? మోసమా? దీని ఖర్చు ఎవరు భరిస్తున్నారు? ఇది కంప్యూటర్ తెలిసినవాళ్లు మాత్రమే తేల్చుకోవలసిన సంగతి కాదని మా అభిప్రాయం. పేరు వల్ల దెబ్బలు తిన్న ఖౌమ్‌కు దీని మీద చెప్పవలసిన మాట ఉంది.

ముందు ఆ యంత్రం సంగతి చెప్పుకోవాలి. దాని పేరు టార్. ఆలోచన 1990ల నడుమ అమెరికా నౌకాదళ పరిశోధనాలయంలో పుట్టింది. 2002లో బయటి జనానికి అందింది. 2006 నుంచి టార్ ప్రాజెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని నడుపుతోంది. మామూలుగా మనం ఒక వెబ్‌సైట్ తెరిస్తే మన ఇంటర్నెట్ చిరునామా ఆ సైటువాడికి తెలుస్తుంది. మనం ఏ సైటుకు వెళ్లామో మనకు కనెక్షన్ ఇచ్చినవాడికి తెలుస్తుంది. టార్ బ్రౌజర్‌లో మన మాట ఉల్లిపాయలాగా పొర మీద పొర చుట్టుకుని మూడు మజిలీల మీదుగా పోతుంది. ఆ మజిలీలనే రిలేలు అంటారు. మొదటి మజిలీకి మనమెవరో తెలుసు, ఎక్కడికి పోతున్నామో తెలియదు. నడిమి మజిలీకి రెండూ తెలియవు. చివరి మజిలీకి ఎక్కడికి పోతున్నామో తెలుసు, ఎవరు పోతున్నారో తెలియదు. వెబ్‌సైట్‌కు కనిపించేది ఆ చివరి మజిలీ చిరునామా ఒక్కటే. ఇలాంటి మజిలీలు ప్రపంచంలో వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిని నడిపేది ఎక్కువగా జీతం తీసుకోని వాలంటీర్లు.

నౌకాదళం వాళ్లు తమ రహస్య సాధనాన్ని అందరికీ ఎందుకు ఇచ్చారన్న అనుమానం సహజం. జవాబు చాలా తేలిక. నౌకాదళం ఒక్కటే వాడితే ఆ దారిన వచ్చే ప్రతివాడూ నౌకాదళం మనిషేనని చూసేవాడికి తెలిసిపోతుంది. వేగులవాడికి కూడా జనం కావాలి. విలేఖరి, విద్యార్థి, మొగుడి నుంచి తప్పించుకున్న ఆడమనిషి, రోగం గురించి రహస్యంగా చదువుకునేవాడు, అందరూ అదే దారిన నడిస్తేనే ఒక్కొక్కరికీ మరుగు దొరుకుతుంది. టార్ బ్రౌజర్‌ను కూడా అందుకే అందరి చేతిలోనూ వీలైనంత ఒకేలా కనబడేట్టు తయారుచేశారు. కిటికీ కొలత కూడా మనిషికొక తీరుగా బయటపడకుండా జాగ్రత్త పడ్డారు. ఇక్కడ రక్షణ గోడ వల్ల రాదు. పక్కనున్న మనుషుల వల్ల వస్తుంది.

ఈ మజిలీలను బ్రౌజరే చీటీలు తీసినట్టు తనకు తానుగా ఎంచుకుంటుంది. అయినా ఒక సెట్టింగుల ఫైలు ఉంది. అందులో 'ఎగ్జిట్ నోడ్స్' అని రాసి, ఎదురుగా మీసాల బ్రాకెట్లలో ఒక దేశానికి ఉన్న రెండక్షరాల గుర్తు రాస్తే చివరి మజిలీ ఆ దేశంలోనే ఉండేట్టు చేయవచ్చు. జర్మనీకి 'డిఇ', మన దేశానికి 'ఐఎన్'. ఫలానా దేశాలు వద్దని తోసెయ్యడానికి కూడా వేరే లైను ఉంది.

ఎందుకు ఎంచుకుంటారు? కారణాలు చాలా మామూలువి. ఒక దేశంలో ఉన్నవాళ్లకే కనబడే వార్త చదవాలని ఉంటుంది. దుబాయిలో ఉన్న మనవాడికి బయటి దేశాల వాళ్లను రానివ్వని మన సర్కారీ వెబ్‌సైట్ అవసరం పడుతుంది. కొన్ని ప్రభుత్వాలు ఒకరి నిఘా సమాచారం ఇంకొకరితో పంచుకుంటాయని తెలిసి, ఆ దేశాల గడప తొక్కకూడదని కొందరు అనుకుంటారు. ఇవేవీ నేరాలు కావు.

కానీ టార్ తయారుచేసినవాళ్లే దేశం ఎంచుకోవద్దని సలహా ఇస్తారు. వేల మజిలీల్లో ఏదైనా కావచ్చు అన్నప్పుడు ఉండే మరుగు, ఒక దేశంలోని కొద్ది మజిలీలకు కుదించుకుంటే ఉండదు. జర్మనీ, అమెరికా, నెదర్లాండ్స్ లాంటి చోట్ల మజిలీలు ఎక్కువ. మన దేశంలో బహు తక్కువ. పదిమంది నడిచే దారిలో నడిచేవాడికీ, ఇద్దరు నడిచే దారిలో నడిచేవాడికీ తేడా ఉంది కదా. పైగా ఎప్పుడూ ఒకే దేశం నుంచి రావడమే ఒక గుర్తు అయిపోతుంది. గుర్తు చెరుపుకుందామని పోయినవాడు కొత్త గుర్తు పెట్టుకుని వస్తాడు.

జనం పలచబడితే ఏమవుతుందో 2013 డిసెంబరులో అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో తేలింది. పరీక్ష తప్పించుకోవడానికి ఒక విద్యార్థి టార్ ద్వారా బాంబు బెదిరింపు పంపాడు. పరిశోధకులు టార్‌ను బద్దలు కొట్టలేదు. ఆ ఉదయం విశ్వవిద్యాలయం వైఫై మీద టార్ వాడినవాళ్లు ఎవరో చూశారు. వాడినవాళ్లు మరీ కొద్దిమంది. విద్యార్థి దొరికిపోయాడు. బెదిరింపు పంపినవాడు దొరకడం న్యాయమే. అయితే ఇదే లెక్క పెద్దమనిషి అవినీతి బయటపెట్టే చిన్న గుమాస్తాకు కూడా వర్తిస్తుంది. రామగిరి మండలం మొత్తానికి టార్ వాడేవాడు ఒక్కడే అయితే, వాడు ఏ దేశం ఎంచుకున్నా కనెక్షన్ ఇచ్చిన కంపెనీకి ఆ ఒక్కడెవరో తెలుసు.

పేర్లలో ఇలాంటి మరుగు మా సీమకు కొత్త కాదు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పీరు ఉంది. మొహర్రం పది రోజులూ హిందువులు, ముస్లింలు కలిసి నిప్పుల గుండం చుట్టూ చేరతారు. కుళ్లాయి అంటే టోపీ. ఆ టోపీ పీరు పేరు పెట్టుకున్న కుళ్లాయప్పలు సీమలో ఎందరో. కుళ్లాయప్ప అని పిలిస్తే పలికేవాడు బోయవాడా, కురబవాడా, దూదేకుల మనిషా, పేరు చెప్పదు. పెనుకొండ బాబయ్య దర్గాకు మొక్కుకుని పుట్టిన పిల్లలకు బాబయ్య, ఫకృద్దీన్, ఫకీరప్ప అని పేర్లు పెట్టినవాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. ఆ పేర్లు ఎవరూ దాక్కోవడానికి పెట్టుకోలేదు, ప్రేమతో పెట్టుకున్నారు. అయినా మరుగు ఏర్పడింది. ఓటర్ల జాబితా ముందు పెట్టుకుని మనుషులను ఏరాలనుకునేవాడికి కుళ్లాయప్ప దగ్గర చెయ్యి ఆగుతుంది.

ఆ జనాన్ని ఇప్పుడు రెండు వైపులనుంచీ పలచన చేస్తున్నారు. దర్గాకు పోవడం హిందువుకు తగదని ఒకవైపు. ఫకీరప్ప, మస్తానప్ప ఇస్లామీ పేర్లు కావు, అరబ్బీ పేర్లు పెట్టుకోండని మాలోని పెద్దమనుషులు ఇంకోవైపు. ఇద్దరిదీ శుద్ధి పట్టుదలే. ఇద్దరూ కలిసి చేస్తున్న పని, ఎవరు ఎవరో దూరం నుంచే తెలిసిపోయేట్టు గుర్తులు వేయడం. పేరు మార్చుకోవడం ఎవరి ఇష్టం వారిది, కాదనలేం. కానీ పేరు మార్చుకున్న ప్రతివాడూ ఆ పాత పేరుతోనే మిగిలిన వాళ్ల చుట్టూ ఉన్న జనంలోంచి ఒకడిని తగ్గిస్తున్నాడన్న సంగతి మాత్రం తెలుసుకోవాలి. దేశం ఎంచుకునే బ్రౌజర్ మనిషికి ఎదురయ్యే చిక్కూ ఇదే.

ఇక్కడ మమ్మల్ని ఒక ప్రశ్న అడగవచ్చు. పేరు చెప్పుకోవడానికే కదా మీ సాహిత్యం పుట్టింది? 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చాక, అప్పటిదాకా వేరే జెండాల కింద రాసిన మావాళ్లు ముస్లింలుగా గొంతెత్తారు. 1998లో 'జల్‌జలా' సంకలనం వచ్చింది. మేము ముస్లింలం, ఇది మా పహచాన్ అని చాటినవాళ్లు ఇప్పుడు ముఖం కనబడకుండా తిరిగే యంత్రాన్ని ఎట్లా వెనకేసుకొస్తారు?

మా జవాబు ఇది. పేరు చెప్పుకునే హక్కు, చెప్పకుండా ఉండే హక్కు ఒకే హక్కుకు రెండు కొసలు. రెండిట్లోనూ నిర్ణయం మనిషిది. 'పుట్టుమచ్చ' కవి తన పేరును తాను చెప్పాడు. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ పోలీసులు కావడి యాత్ర దారిలోని హోటళ్లవాళ్లు, పండ్ల బండ్లవాళ్లు తమ పేర్లు బోర్డు మీద రాయాలన్నారు. అక్కడ పేరును వేరేవాడు చెప్పించాడు. అదే పేరు, అదే అక్షరాలు. ఒకటి ఆత్మగౌరవం, రెండోది ముద్ర. జూలై 22న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. ఏ రకం తిండి అమ్ముతున్నారో రాస్తే చాలు, పేర్లు రాయాలని బలవంతపెట్టకూడదంది. పేరుకూ పకోడీకీ సంబంధం లేదని చెప్పడానికి దేశపు అత్యున్నత న్యాయస్థానం కావలసి వచ్చింది.

బెంగళూరులో గది వెతుక్కునే హిందూపురం, ధర్మవరం కుర్రవాళ్లకు ఈ తేడా పుస్తకాలు చదవకుండానే తెలుసు. ఫోనులో అన్నీ కుదురుతాయి. పేరు చెప్పాక గది నిండిపోయి ఉంటుంది. 1940లలో పెషావర్‌లో పుట్టిన యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయి తెర మీదకు వచ్చాడు. అది ఆయన చివరి మజిలీ అనుకోవచ్చు. జనం ఆ పేరును ప్రేమించారు, ఆ మనిషిని కూడా ప్రేమించారు. కానీ ఎందరికి అలాంటి పేరు దొరుకుతుంది? గడ్డం ఉన్నవాడు, బురఖా వేసుకున్న ఆడమనిషి ఏ దేశపు మజిలీ ఎంచుకోగలరు? మారుపేరు ఒక మనిషి కష్టం తీర్చవచ్చు. ఇల్లు ఇవ్వనివాడి బుద్ధి మాత్రం అట్లాగే ఉంటుంది.

సెక్యులర్ మిత్రులు మరో మాట అంటారు. తప్పు చేయనివాడికి దాపరికం ఎందుకు? ఈ మాట అనగలిగేవాడికి తప్పు చేయకుండా పట్టుబడిన అనుభవం ఉండదు. 2021 మేలో, కరోనా లాక్‌డౌన్ కాలంలో హైదరాబాద్‌లో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను రోడ్డు మీద పోలీసులు ఆపారు. మాస్కు తీయించి ఫొటో తీసుకున్నారు. మాస్కు తప్పనిసరి అని సర్కారు చెబుతున్న రోజులవి. ఆ ఫొటో ఏ యంత్రంలోకి పోయింది, దేనితో పోల్చి చూస్తారు అని ఆయన అడిగాడు. ముఖ గుర్తింపు విధానం మీద తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం వేశాడు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తేల్చాక కూడా నడిరోడ్డు మీద పరిస్థితి ఇది.

మావాళ్లలో కొందరికి వేరే సందేహం. లోపల ఒకటి, బయట ఒకటి చూపడం నిఫాక్ కదా, కపటం కదా అని. ఈ సందేహాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ మన చరిత్ర ఏం చెబుతోంది? ఖురాన్‌లో హుజురాత్ సూరా ఒకరి గుట్టు ఒకరు తవ్వడాన్ని నిషేధించింది. ఆ వెంటనే వచ్చే ఆయత్, మనుషులను జాతులుగా, తెగలుగా చేసింది ఒకరినొకరు ఎరిగి ఉండటానికని చెబుతుంది. ఎరిగి ఉండటం వేరు, గుట్టు తవ్వడం వేరు అని ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఉండటంలో తెలుస్తోంది. ఖలీఫా ఉమర్ గురించిన కథనం ఒకటి ప్రసిద్ధం. రాత్రి గస్తీలో ఒక ఇంట్లో సందడి విని ఆయన గోడ దూకి లోపలికి పోతాడు. మద్యంతో ఉన్న ఇంటివాడు అంటాడు: నేను చేసిన తప్పు ఒకటి, మీరు చేసినవి మూడు. గుట్టు తవ్వారు, తలుపు ఉండగా గోడ దూకారు, సలాం చెప్పి అనుమతి అడగలేదు. ఖలీఫా వెనుదిరిగాడు. తప్పు చేసినవాడి ఇంటికి కూడా తలుపు ఉంటుందన్న మాట.

హిజ్రత్ సంగతి ఇంకా దగ్గరిది. 622లో ప్రవక్త (స) మక్కా విడిచినప్పుడు మదీనా ఉత్తరాన ఉంది. ఆయన, అబూబక్ర్ మొదట దక్షిణాన ఉన్న సౌర్ గుహ వైపు నడిచారు. వెతికేవాళ్ల చూపు ఉత్తరం మీద ఉంది కనుక. దారి చూపడానికి పెట్టుకున్న మనిషి ముస్లిం కూడా కాదు, నమ్మకస్తుడు మాత్రమే. ఆ రాత్రి ప్రవక్త పడక మీద అలీ పడుకున్నాడు. తెలిసి, ఇష్టపడి, ఆ ప్రమాదాన్ని తన మీద వేసుకున్నాడు. ఆ తర్వాత మక్కాలోనే ఆగి, జనం ప్రవక్త దగ్గర దాచుకున్న అమానతులన్నీ ఎవరివి వాళ్లకు అప్పగించి బయల్దేరాడు. చంపవచ్చిన వాళ్ల నుంచి దాక్కున్నారు. ఇవ్వవలసినవాళ్ల నుంచి దాక్కోలేదు. నిఫాక్‌కూ జాగ్రత్తకూ మధ్య గీత ఎక్కడుందో ఈ ఒక్క రాత్రి చాలు చూపడానికి. దాక్కోవడం వేరు, ఎగ్గొట్టడం వేరు.

ఈ గీతతో చూస్తే దేశం ఎంచుకోవడంలో ఉన్న రెండో బాకీ కనబడుతుంది. మనం అరువు తెచ్చుకున్న చివరి చిరునామా ఒక మనిషిది. 2017 ఏప్రిల్‌లో మాస్కోలో దిమిత్రీ బొగతోవ్ అనే లెక్కల టీచరును అరెస్టు చేశారు. జనాన్ని అల్లర్లకు రెచ్చగొట్టే రాతలు ఆయన చిరునామా నుంచి వచ్చాయని ఆరోపణ. ఆయన తన ఇంట్లో టార్ చివరి మజిలీ నడుపుతున్నాడు. ఆ రాతలు ఎవరో రాశారు, ఆయన గడప దాటి పోయాయి. నెలల తరబడి నిర్బంధం అనుభవించాక, 2018లో గానీ ఆయన మీద కేసు ఎత్తివేయలేదు. రష్యా అని రెండక్షరాలు రాసుకున్నవాడికి ఆ లెక్కల మాస్టారు కనబడడు. కానీ ఆ రెండక్షరాల వెనక ఉండేది ఇట్లాంటి మనిషే. అలీలాగా తెలిసి పడక మీద పడుకున్నవాడు.

బొగతోవ్ కథ మేము వేరే దేశం కథలాగా చదవలేం. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో శుక్రవారం నమాజు వేళ బాంబు పేలింది. చచ్చిపోయింది మావాళ్లు. తర్వాత పట్టుకుపోయిందీ మా కుర్రవాళ్లనే. వాళ్ల మీద పెట్టిన కేసులు కోర్టుల్లో నిలబడలేదు. ప్రభుత్వమే పరిహారం ప్రకటించింది, 2013లో హైకోర్టు ఆ పరిహారాన్నీ కొట్టివేసింది. ఆ కుర్రవాళ్లు చేసిందేమిటి? అనుమానం పోయే దారిలో వాళ్ల పేర్లు, వాళ్ల బస్తీలు చివరి మజిలీలుగా ఉన్నాయి, అంతే. ఎక్కడో ఎవడో చేసిన పని ఈ పేరు మీదుగా వచ్చిందని లోకం అనుకుంటే, ఈ పేరున్న ప్రతివాడూ జవాబు చెప్పాలి. ముస్లిం అంటే మన దేశంలో ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉన్న చివరి మజిలీ.

చిరునామా అనే తెలుగు మాట ఫార్సీ 'సర్‌నామా' నుంచి వచ్చింది. ఉత్తరం నెత్తిన రాసే రాత అని అర్థం. నెత్తిన రాసింది చూసి లోపలి ఉత్తరం ఎవరు రాశారో తేల్చేవాడిని ఏమంటాం? దేశం పేరు కూడా అంతే. 2022 ఏప్రిల్‌లో కేంద్రం కింద పనిచేసే సెర్ట్-ఇన్, వీపీఎన్ కంపెనీలు ఖాతాదారుల వివరాలు ఐదేళ్లు దాచాలని ఆదేశించింది. కొన్ని కంపెనీలు మన దేశంలోని సర్వర్లు తీసేశాయి. సింగపూర్‌లోనో, బ్రిటన్‌లోనో యంత్రం పెట్టి దానికి భారత చిరునామా ఇచ్చాయి. భారతదేశం అని రాసి ఉన్నచోట ఈ నేల లేదు. ఈ నేల మీద ఉన్న మాకు భారతదేశం అని రాసి లేదంటారు. టార్‌లో కూడా ఫలానా మజిలీ ఫలానా దేశంలో ఉందని చెప్పేది చిరునామాల పట్టిక. ఆ పట్టిక ఒక్కోసారి తప్పుతుంది.

ఇక మూడో సంగతి, అన్నిటికన్నా చేదైనది. ముసుగు మజ్లూమ్‌కే కాదు, జాలిమ్‌కూ దొరుకుతుంది. 2021 జూలైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' పేరుతో ముస్లిం ఆడవాళ్ల ఫొటోలు పెట్టి వేలం వేస్తున్నట్టు ఇంటర్నెట్‌లో ప్రదర్శించారు. ఆ ఆడవాళ్లు విలేఖరులు, లాయర్లు, పైలట్లు. తమ సొంత పేరుతో, సొంత ముఖంతో మాట్లాడినవాళ్లు. వేలం వేసినవాళ్లు ముఖాలు దాచుకున్నారు. అంతటితో ఆగలేదు. ఆ ప్రచారం చేసిన ట్విట్టర్ ఖాతాలకు సిక్కు పేర్లు పెట్టారని ముంబై పోలీసులు చెప్పారు. అంటే ఒక మైనారిటీని అవమానించి, ఆ నింద ఇంకో మైనారిటీ గడప మీద వదిలివెళ్లే పథకం. టార్‌లో దేశం ఎంచుకున్నట్టే వాళ్లు మతాన్ని ఎంచుకున్నారు.

ఈ ఒక్క కారణంతో ముసుగులన్నీ చించేయాలి అనేవాళ్లున్నారు. చించితే ముందు ఎవరి ముసుగు చిరుగుతుంది? 2019 ఆగస్టు 5న కశ్మీర్‌కు ప్రత్యేక ప్రతిపత్తి తీసేసి ఇంటర్నెట్ ఆపారు. వేగం గల 4జి తిరిగి వచ్చింది 2021 ఫిబ్రవరిలో. ఈ నడుమ 2020 ఫిబ్రవరిలో, వీపీఎన్‌ల ద్వారా సోషల్ మీడియా వాడినవాళ్ల మీద శ్రీనగర్ సైబర్ పోలీసులు ఊపా కింద కేసు పెట్టారు. బిడ్డ క్షేమం కనుక్కోవడానికి ముసుగు వేసుకున్న తల్లి, ఆడవాళ్లను వేలం వేయడానికి ముసుగు వేసుకున్నవాడు ఒకే గాటికి ఎట్లా కడతాం? ముసుగును చూసి తీర్పు చెబితే ఇద్దరూ ఒకటే. ముసుగు వెనక నుంచి దెబ్బ ఎవరి మీద పడుతోందో చూస్తే తేడా తెలుస్తుంది.

కాబట్టి దేశం ఎంచుకోవచ్చా అంటే, మేము చెప్పే కొలత ఇది. నువ్వు వేసుకున్న ముసుగు నిన్ను బలవంతుడి నుంచి కాపాడుతోందా, లేక నీ దెబ్బను బలహీనుడి నెత్తికి మళ్లిస్తోందా? మొదటిదైతే ఎంచుకో. అవసరం ఉన్నంతసేపే ఎంచుకో. పని అయ్యాక ఆ లైను చెరిపేసి మళ్లీ జనంలో కలిసిపో. ఆ లైను ఉన్నంతకాలం నీ చుట్టూ జనం పలచబడతారు, నీకే మరుగు తగ్గుతుంది. గడప ఇచ్చినవాడి మీదకు పోలీసులు వచ్చే పని ఆ గడప మీదుగా చేయకు. దేశం ఎంచుకుని మళ్లీ అదే బ్రౌజర్‌లో సొంత పేరుతో లాగిన్ అయితే దాక్కున్నట్టూ కాదు, చెప్పుకున్నట్టూ కాదు.

దాచవలసింది ఏమీ లేదనుకునేవాళ్లకు ఇంకో మాట. టార్ మీకు అవసరం లేకపోవచ్చు. మీరు దానిలో వంటల పేజీ చదివినా, క్రికెట్ స్కోరు చూసినా, నిజంగా అవసరం ఉన్న ఒకరికి మరుగు పెరుగుతుంది. కొడుక్కి కుళ్లాయప్ప అని పేరు పెట్టుకున్న ఆ హిందూ తల్లిదండ్రులు మాకు చేసిన మేలు అలాంటిదే. వాళ్లు లౌకికవాదం మీద ఉపన్యాసం ఇవ్వలేదు. మా మధ్య ఒక పేరుతో నిలబడ్డారు.

అన్నిటికన్నా పెద్ద పని కంప్యూటర్ బయట ఉంది. ఒక పేరు, ఒక ఊరు, ఒక అంకెల చిరునామా పట్టుకుని మనిషిని నిర్బంధించే పద్ధతి మారాలి. బొగతోవ్ విషయంలోనూ, మక్కా మసీదు కుర్రవాళ్ల విషయంలోనూ పోలీసులు ముందు పట్టుకుని తర్వాత అడిగారు. చిరునామా దొరికిన చోట దర్యాప్తు మొదలు కావాలి, ముగిసిపోకూడదు. ఆ మాట రాసింది ఎవరు అన్న ప్రశ్నకు సాక్ష్యం వచ్చేదాకా గడప ఇచ్చినవాడు నేరస్థుడు కాడు, పేరు కలిసినవాడు నేరస్థుడు కాడు. ఈ సూత్రం మాస్కోకు ఎంత అవసరమో పాతబస్తీకి అంత అవసరం. దీన్ని కోర్టులో అడగాలి, అసెంబ్లీలో అడగాలి, పత్రికల్లో రాయాలి. పేరు పెట్టి రాయగలిగినవాళ్లు పేరు పెట్టి రాయాలి. రాయలేనివాళ్ల పేర్లు మేము అడగం.